డిజాస్టర్ అనే మాటకు ఉదాహరణ

"మీరు చనిపోయారు," అన్నాడతను.

ఆమె కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. "ఒక్క నిమిషం. ఈ మాట పూర్తిచేసి పోతాను," అంది.

"ఇప్పటికే పోయారు," అంటూ అతను తాడు కట్టిన నల్లటి అట్టముక్క ఒకటి ఆమె మెడలో వేశాడు. దాని మీద తెల్లటి పెద్ద అక్షరాలతో 'మృతి' అని ఉంది.

అప్పుడు తలెత్తింది. నారింజ రంగు జాకెట్టు వేసుకుని, మెడలో ఈలతో, చేతిలో అలాంటి అట్టముక్కలే మరికొన్ని పట్టుకుని ఎదురుగా ఒక యువకుడు. ఎక్కడో గంట మోగుతోంది. అది చాలాసేపటి నుంచి మోగుతోందన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. గదిలో మిగతా బల్లలన్నీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే ఆఫీసు మొత్తం కింద వీధిలో వరుసగా నిలబడి పైకి చూస్తోంది.

"బిల్డింగులో నిప్పంటుకుందని అనుకోమన్నాం. అందరూ అనుకున్నారు, దిగారు. మీరొక్కరే అనుకోలేదు," అన్నాడు.

"పోతే పోయాను. పోయినదాన్ని కనీసం ప్రశాంతంగా పని చేసుకోనివ్వండి."

"కుదరదు. పోయినవాళ్లని మోసుకెళ్లాలి. మా రూలు."

"ఏదీ, మోయండి చూస్తాను."

వరదల్లో, మంటల్లో ఎంతమందినో భుజాన వేసుకున్న మనిషే అతను. ఆ చూపు ముందు మాత్రం చేతులు రాలేదు. చివరికి శవమే లేచి, చెప్పులు వేసుకుని, అతని కన్నా ముందు మెట్లు దిగింది. దిగుతూ దిగుతూ, దిగడానికి వాళ్లిచ్చిన గడువు ఎంతో అడిగి తెలుసుకుని, అది మరీ అన్యాయమని తీర్పు కూడా ఇచ్చింది. వీధిలో జనం చప్పట్లు కొట్టారు. అవి ఎవరి కోసమో ఇద్దరికీ అర్థం కాలేదు.

ఆ అట్ట మెడలో పడే సమయానికి ఆమె రాస్తున్న మాట ఏమిటో తెలిస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. డిజాస్టర్.

అది ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసు. డి అక్షరం ఆమె వాటా. అర్థాలు రాయడం ఏమంత కష్టం కాదు. విపత్తు, ఉపద్రవం, ఘోర వైఫల్యం, కాస్త చనువు తీసుకుంటే కొంప మునగడం. అసలు చిక్కంతా ఉదాహరణ దగ్గరే. ఆ ఆఫీసుకొక పట్టింపు ఉంది. ఉదాహరణ వాక్యాన్ని కల్పించి రాయకూడదు. ఎవరో ఒకరు నిజంగా అన్నదై ఉండాలి, రాసేవాళ్లు దాన్ని చెవులారా విని ఉండాలి. ఈ పట్టింపు సంపాదకుడుగారిది. అందరూ పెద్దాయన అంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అందుకని అక్కడ పనిచేసేవాళ్లంతా బస్సుల్లో, క్యూల్లో, ఆసుపత్రి బెంచీల మీద పక్కవాళ్ల మాటలకు చెవులప్పగించి తిరుగుతుంటారు. బయటివాళ్లకు అది మర్యాద తక్కువగా కనిపిస్తుంది.

డిజాస్టర్ కోసం ఆమె ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఆ మాట ఇంట్లోనే రోజూ వినిపిస్తుంది, అదీ ఆమె గురించే.

కిందటేడు ఆమెకొక పళ్ల డాక్టరుతో పెళ్లి నిశ్చయమైంది. మంచివాడే. ఒక్కటే ఇబ్బంది. ఆమెను ఎవరేం అడిగినా జవాబు అతనే చెప్పేవాడు. హోటల్లో 'మీకేం కావాలండీ' అని ఆమెను అడిగితే, 'తనకి కాఫీ పడదు' అనేవాడు. కళ్లజోళ్ల షాపులో 'ఈ ఫ్రేము నచ్చిందా' అని అడిగితే, 'తనకి గుండ్రటివి నచ్చవు' అనేవాడు. ఆమెకు కాఫీ ప్రాణం. ఆ క్షణాన ముక్కు మీద ఉన్నది గుండ్రటి కళ్లజోడే. నోరు తెరిపించడం అతని వృత్తి, మాట్లాడనివ్వకపోవడం అతని అలవాటు. శుభలేఖలు అచ్చుకు వెళ్లే రోజున 'నాకిష్టం లేదు' అని ఆమె చెప్పేసింది.

ఆమె తండ్రి పోయినప్పటి నుంచి ఆ ఇంటి పెత్తనం పెద్దమ్మది. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఆగిపోయిన ఆ పెళ్లికి పెద్దమ్మ 'ఆ డిజాస్టర్' అని పేరు పెట్టింది. పేరు స్థిరపడిపోయింది. ఆ డిజాస్టర్‌కి ముందు కొన్న కుర్చీలు, ఆ డిజాస్టర్ తర్వాత వేయించిన రంగులు అంటూ ఇంట్లో కాలాన్ని కూడా దానితోనే కొలుస్తున్నారు.

ఆ వాక్యాలేవీ రాయనుగాక రాయనని ఆమె పట్టుబట్టింది. బదులుగా పక్క సీటు అమ్మాయి అన్న మాట ఎక్కించింది. 'నా కొత్త హెయిర్‌కట్ పెద్ద డిజాస్టర్.'

ఆఫీసుకు ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏదైనా పనికి సంబంధించిన మాటను ఆ పనిలో ఉన్న మనిషికి చూపించి సరే అనిపించుకోవాలి. డ్రిల్లు రోజున విపత్తు సహాయ దళం నారింజ జాకెట్టు కనపడగానే పెద్దాయన అతన్ని వదల్లేదు. అలా ఆ వారమే అతను మళ్లీ వచ్చాడు. ఈసారి ఈల లేదు. తల మాత్రం నున్నగా దువ్వుకున్నాడు.

"ఇదేంటండీ, హెయిర్‌కట్టా?" అన్నాడు స్క్రీన్ మీదికి వంగి.

"విన్నదే రాశాను."

"ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోతే వాడే మాటండీ అది. తీసుకెళ్లి క్షవరానికి పెడతారా?"

"నేను పెట్టలేదు, జనం పెట్టారు. డిక్షనరీ అంటే పోలీస్ స్టేషన్ కాదు మాస్టారూ, మాటల్ని పట్టుకుని లోపలెయ్యడానికి. ఎవరు దేన్నయినా డిజాస్టర్ అనొచ్చు. మేం రాసిపెడతాం, అంతే."

"మాడిన కూరని కూడా?"

"మాడిన కూరని, ఆడని సినిమాని, ఆరని బట్టల్ని. అన్నిటినీ."

"అయితే ఆ మాటకి విలువేముందండీ ఇంక?"

"మాటలకి విలువ కట్టేది మీరు కాదు. మీ పని మెడలో అట్టలు వెయ్యడం."

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఆపుకోవడం ఆమె చూసింది. చూసినట్టు తెలియకూడదని కీబోర్డు వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెద్దమ్మ. ఆవిడ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు, పక్క గదిలో వాళ్లు కూడా జవాబు చెప్పగలరు.

"ఏమే, ఆదివారం డాక్టరుగారూ వాళ్ల నాన్నా మనింటికి వస్తున్నారు. ఎంత పెద్ద మనసో చూడు. అంత డిజాస్టర్ జరిగాక కూడా మళ్లీ అడుగుతున్నారు. ఈసారి నోరు మూసుకుని సరే అను."

"పెద్దమ్మా, దాన్ని డిజాస్టర్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను."

"అది కాక ఇంకేమనాలే?" అని పెద్దమ్మ పెట్టేసింది.

అతను గొంతు సవరించుకున్నాడు.

"ఎవరు దేన్నయినా అనొచ్చు అన్నారు కదండీ. ఇప్పుడే."

ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. కోపం తెచ్చుకుందామని చూసింది, సమయానికి అదీ రాలేదు. చెప్పకూడదు అనుకుంటూనే కాఫీ సంగతి, కళ్లజోడు సంగతి, పెద్దమ్మ సంగతి మొత్తం చెప్పేసింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా 'అంటే మీ ఉద్దేశం' అనలేదు. ఆమె మాట కోసం వెతుక్కుంటే, దొరికేదాకా ఊరుకున్నాడు.

"ఆదివారం కూడా వద్దంటే ఏమవుతుంది?" అని అడిగాడు.

"పెద్దమ్మ ఇంక మా గుమ్మం తొక్కనంది. నాన్న పోయాక మమ్మల్ని నిలబెట్టింది ఆవిడే. అమ్మ ఆవిడ మాట దాటదు. నాకు డాక్టరంటే భయం లేదు మాస్టారూ. అందరి మొహాలూ చూసి నేనే సరే అనేస్తానేమోనని భయం."

అతను వెంటనే ధైర్యం చెప్పలేదు. కొంచెం ఆగి, "ముందు మన పేచీ తేలనివ్వండి. మా అమ్మ వరద చూసిన మనిషి. అసలైన డిజాస్టర్ అంటే ఏంటో ఆవిడ నోట వినండి. ఆ తర్వాత హెయిర్‌కట్ ఉంచుతారో తీస్తారో మీ ఇష్టం," అన్నాడు.

"పందెమా?"

"పందెమే."

శనివారం వాన పట్టుకుంది. విపత్తులకు ఎలా సిద్ధంగా ఉండాలో ఊరందరికీ నేర్పే మనిషి గొడుగు మర్చిపోయి వచ్చాడు. ఆమె గొడుగు ఒకటే, అదీ చిన్నది. దాన్ని ఎవరు పట్టుకోవాలన్న వాదనలో బస్టాపు దాటేసరికే ఇద్దరి భుజాలూ తడిసిపోయాయి. చివరికి అతను ఓడిపోయాడు. గొడుగు ఆమె చేతికి వచ్చింది, అతను తల వంచుకుని నడవాల్సి వచ్చింది. మొహం మరీ దగ్గరగా ఉంది కాబట్టి ఆమె దారి పొడుగునా గోడలకు అంటించిన ప్రకటనలు చదువుకుంటూ వెళ్లింది.

వాళ్లమ్మది బట్టలు కుట్టే షాపు. మిషను మీంచి కళ్లెత్తి, అద్దాల పైనుంచి చూసింది.

"చచ్చిపోయి కూడా మెట్లు దిగిన అమ్మాయివి నువ్వేనా?"

"నేనేనండి."

"ఆ రోజు మావాడు అన్నం ముందు కూర్చుని ఒకటే నవ్వు. ఏరా అంటే చెప్పడు. నిలబడమ్మా ఇలా," అంటూ ఆవిడ మెడలో ఉన్న టేపు తీసి ఆమె భుజాల కొలత చూసింది.

"దేనికండీ?"

"పెళ్లి బట్టలకి. ముందే చూసుకుంటే నాకు తీరుబాటుగా ఉంటుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, ఆవిడ ఒక వాక్యం కోసం వచ్చారు."

"వాక్యం కోసం ఎవరన్నా ఇంత వానలో వస్తారట్రా?" అంది ఆవిడ.

ఆమె గబగబా వచ్చిన పని చెప్పింది. ఆవిడ మిషను ఆపి, కుడుతున్న బట్టను మడిచి పక్కన పెట్టింది. ఆవిడ గొంతు మారింది.

"అప్పుడు మా షాపు ఏటి ఒడ్డున ఉండేది. వారం రోజులు వాన పడింది. పైన రిజర్వాయరు నిండిపోతోంది, కొంచెం కొంచెంగా వదలండయ్యా అని మేమే వెళ్లి అడిగాం. పైనుంచి ఆర్డరు రావాలన్నారు. నిండి పొర్లేదాకా గేటు తియ్యలేదు. తర్వాత అన్నీ ఒక్కసారే తీశారు. ఇంట్లో వీళ్ల నాన్న పడుకుని ఉన్నారు. లేవలేకపోయారు."

అతను నేల వైపు చూస్తున్నాడు. ఈ సంగతి ఆమెకు అతను చెప్పలేదు.

"దాన్నే కదమ్మా డిజాస్టర్ అంటారు. అది చెప్పమనే తీసుకొచ్చాను," అన్నాడు మెల్లగా.

"వాళ్లు గేటు తియ్యలేదు. తర్వాత దాన్ని డిజాస్టర్ అన్నారు. నేనెప్పుడన్నా అన్నానా? పేపర్లో ఆ మాట రాగానే అందరూ ఆకాశం వంక చూశారు. గేటు వంక ఎవరూ చూడలేదు. నన్నడిగితే నేను గేటు తియ్యలేదనే అంటాను. చచ్చేదాకా అదే అంటాను."

ఆమె టేబుల్ మీదున్న ఆవిడ చేతిని పట్టుకుంది. ఆవిడ కూడా వదలకుండా కాసేపు అలాగే ఉంచింది.

తిరిగి వచ్చేటప్పుడు గొడుగు సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అది ఆమె చేతిలో మూసే ఉంది, వాన పడుతూనే ఉంది.

"పందెం ఓడిపోయాను. ఇన్నేళ్లుగా ఆ మాటకి నేనే కాపలా అనుకుంటున్నాను. మా అమ్మ దాన్ని ఇంట్లోకే రానివ్వలేదని ఇప్పుడు తెలిసింది," అన్నాడు.

"నేను కూడా ఓడిపోయాను మాస్టారూ. ఎవరు దేన్నన్నా అనుకోనీ, నాకేం పోయిందనుకున్నాను. డిజాస్టర్ అంటే ఎవరూ చెయ్యకుండా వచ్చి నెత్తిన పడేది. నా పెళ్లి అలా ఆగలేదు. నేను ఆపాను. తెలిసి, ఆలోచించి, నా నోటితో ఆపాను. ఆ ఒక్క మాట పెట్టి పెద్దమ్మ నన్ను అందులోంచే తీసేసింది."

అతను ఆగి ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆ మనిషంటే తనకు చాలా ఇష్టమని ఆ వీధిలో, ఆ వానలో ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది.

"రేపు నేను రానా?" అన్నాడు.

"వద్దు. మీరొస్తే మీ వల్ల వద్దన్నానంటారు. నా వల్లే వద్దనాలి."

ఇంటికి వెళ్లే ముందు ఆఫీసు తలుపు తీయించి అతని అమ్మ అన్న మాటే ఎక్కించింది. 'వాళ్లు గేటు తియ్యలేదు. తర్వాత దాన్ని డిజాస్టర్ అన్నారు.' హెయిర్‌కట్‌ని మాత్రం తీయలేదు. రెండో అర్థం కింద దాన్ని అలాగే ఉంచింది. పందెం ఓడినంత మాత్రాన పని వదులుకుంటారా ఎవరైనా.

ఆదివారం డాక్టరుగారూ తండ్రిగారూ చెప్పిన వేళకు వచ్చారు. పెద్దమ్మ కొత్త కర్టెన్లు వేయించింది. ఆ డిజాస్టర్‌కి ముందు కొన్న కుర్చీల్లో అందరూ కూర్చున్నారు. అమ్మ ఎప్పటిలాగే తలుపు పక్కన నిలబడింది.

"ఏమ్మా, కోపాలు తగ్గాయా?" అన్నారు తండ్రిగారు ఆమె వైపు తిరిగి.

"తనకి కోపమేం లేదు నాన్నా. అప్పట్లో పని ఒత్తిడి," అన్నాడు డాక్టరు.

"మరి ఇప్పుడు ఇష్టమేనా తల్లీ?"

"ఇష్టమే. తనకి సిగ్గెక్కువ."

పెద్దమ్మ సంతోషంగా తలూపింది. ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసింది. భయపడ్డట్టే సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఈ గదిలో అందరూ నవ్వుతారు. ఆ తర్వాత జీవితమంతా తన తరఫున కాఫీ వద్దనే మనిషి పక్కన కూర్చోవాలి. ఆమె లేచి నిలబడింది.

"అడిగింది నన్ను కాబట్టి నేనే చెప్తాను," అంది. "నాకు ఇష్టం లేదండీ. కిందటేడూ లేదు, ఇప్పుడూ లేదు. అప్పుడు ఒత్తిడీ లేదు, ఇప్పుడు సిగ్గూ లేదు."

"నువ్వు సరిగ్గా ఆలోచించి..." అన్నాడు డాక్టరు.

"ఆలోచించాను. మీరు చెడ్డవారని నేననను. కానీ మీ పక్కనుంటే నేను మూగదాన్నయిపోతాను. అది నా వల్ల కాదు."

డాక్టరు ఏదో చెప్పబోయి, బహుశా మొదటిసారిగా ఆగాడు. తండ్రిగారు మర్యాదస్తులు. నిజం చెప్పినందుకు సంతోషం అని లేచి కొడుకును తీసుకుని వెళ్లిపోయారు.

తలుపు మూసుకోగానే పెద్దమ్మ కుర్చీలో కూలబడింది.

"మళ్లీ తెచ్చిపెట్టావు కదే డిజాస్టర్. ఇప్పుడు చుట్టాలకి ఏమని చెప్పుకోను? సంబంధం తప్పిపోయిందని చెప్పనా?"

"తప్పిపోవడానికి అదేమన్నా సంతలో పిల్లా పెద్దమ్మా? నేను వద్దన్నాను. వద్దన్నానని చెప్పు. తప్పయితే నా తప్పే అవుతుంది, ఒప్పయితే నా ఒప్పే అవుతుంది. దానికి ఇంకో పేరు పెట్టొద్దు."

"అంత తెగింపా? అయితే నేనింక ఈ గుమ్మం..."

"అక్కా," అంది అమ్మ.

ఇద్దరూ తలుపు వైపు చూశారు. అక్కడినుంచి మాట రావడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"అది వద్దంది. వద్దందనే చెబుదాం. చుట్టాలకి నేను చెబుతాను," అంది అమ్మ. గొంతు వణికింది గానీ మాట ఆగలేదు.

కూతురు వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నువ్వు మా గుమ్మం తొక్కకపోతే నేనే రోజూ వచ్చి మీ ఇంట్లో కూర్చుంటాను. కాఫీ నువ్వే పెట్టాలి. ఎంత తాగుతానో నీకు తెలుసుగా," అంది. పెద్దమ్మ మొహం అటు తిప్పుకుంది, చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

మొహం తిప్పుకున్న ఆవిడకే ముందు కిటికీలోంచి కనిపించాడు. వీధికి అవతల, వానలో, గొడుగు లేకుండా ఒక మనిషి. పెద్దమ్మ చూపు వెంట చూసి ఆమె గబుక్కున లేచింది. మెట్లు ఎలా దిగిందో ఆమెకు గుర్తులేదు.

"రావద్దన్నాను కదా," అంది రొప్పుతూ.

"ఇంట్లోకి రాలేదండీ. వీధి అందరిదీ." అతని ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. "ఏమైంది?"

"వద్దన్నాను."

"గట్టిగానా?"

"వీధిలోకి వినపడలేదా?"

అతను నవ్వాడు. ఈసారి ఆపుకోలేదు. ఆమెకు ఇంకేదో చెప్పాలని ఉంది. ఈలోగా బాల్కనీలోంచి పెద్దమ్మ గొంతు వీధి మొత్తం మీద పడింది.

"ఎవరే ఆ తడిసిన మనిషి?"

ఆ రోజు ఆమెకు దేనికీ వెనక్కి తగ్గాలనిపించలేదు. తలెత్తి అంతే గట్టిగా చెప్పింది. "నేను పెళ్లి చేసుకోబోయే మనిషి పెద్దమ్మా."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. దాని పక్కదీ తెరుచుకుంది. ఆమె గర్వంగా అతని వైపు తిరిగింది. తిరిగాక, తానేం చేసిందో అర్థమై మొహం పాలిపోయింది.

"అయ్యో. మిమ్మల్ని అడగనే లేదు," అంది.

"లేదండీ," అన్నాడతను చాలా గంభీరంగా.

"మీ జవాబు నేనే చెప్పేశాను."

"చెప్పేశారు."

"ఇందాక ఆయన్ని దేనికి వద్దన్నానో, కిందకొచ్చి నేనూ అదే చేశాను."

"అచ్చంగా అదే. ఇప్పుడన్నా అడగండి మరి."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. వానలో అది తుడిచినా ఒకటే, తుడవకపోయినా ఒకటే. మళ్లీ పెట్టుకుని అతని కళ్లలోకి చూసింది.

"నాకు మీరంటే ఇష్టం. మన ఇద్దరికీ రోజూ ఏదో ఒకదాని మీద పేచీ ఉంటుంది. అదీ నాకిష్టమే. నన్ను పెళ్లి చేసుకుంటారా? ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు. మీ తరఫున నేను ఏమీ అననింక."

అతను ఆలోచించుకోలేదు. "చేసుకుంటాను," అన్నాడు. తర్వాత బాల్కనీ వైపు తిరిగి, డ్రిల్లు మైదానంలో వాడే గొంతుతో, "నా అంతట నేనే చెప్తున్నానండీ. చేసుకుంటాను," అన్నాడు.

వీధి మొత్తం పైకి చూసింది. పెద్దమ్మ పక్కన అమ్మ చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. పెద్దమ్మ వానలో నిలబడ్డ ఇద్దర్నీ చాలాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, రెండు తువ్వాళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడింది.